గోడ అవతలి పొద్దు

సెప్టెంబర్ 14, గురువారం

జైలుకు వెళ్ళొచ్చాను. చిన్నప్పుడు తిరునాళ్ళలో రంగులరాట్నం దిగాక ఒళ్ళంతా తిరుగుతూనే ఉండేదే, అలా ఉంది.

గేటు దగ్గరే నవ్వులపాలయ్యాను. మత్తుమందులు పసిగట్టే కుక్కకు అనుమానం వస్తే ఆ మనిషి ఎదురుగా కదలకుండా కూర్చోవాలట. ఇదేమో నన్ను చూడగానే దొర్లింది. నా లంగా అంచులో ముక్కు దూర్చి మూలిగింది. వార్డరు ట్రాస్క్, మీసాల్లో నవ్వు దాచుకునే మనిషి, లోపలికి ఏం తెచ్చారమ్మా అని అడిగాడు. పొద్దుటి నుంచీ కుక్కలకు స్నానం చేయించి, జుట్టు కత్తిరించి, చేతులు కడుక్కుని నేరుగా వచ్చానని, అదే నా బతుకుతెరువని చెప్పాను. నమ్మాడు. అయినా సంచీ తిప్పి చూశాడు. హేజెల్ చెట్టు పుల్ల బయటపడింది.

"ఇదేమిటి?"

"మంత్రదండం."

మా పేగన్ల, అంటే పాత ప్రకృతి దేవతలను కొలిచేవాళ్ళ, మంత్రదండం వంగే పుల్లయితే లోపలికి పోవచ్చట, గట్టి కర్రయితే వీల్లేదట. నిజంగానే అలా రూలుంది. అతను పుల్లను గడియారం స్ప్రింగును చూసినట్టు చూసి, అటూ ఇటూ వంచి, "వంగుతోంది. పోనివ్వండి" అన్నాడు. నా అంగీకి ముసుగు లేదని కూడా చూసుకున్నాడు. ముసుగు ఉంటే అదీ బయటే.

ఆబ్రీ గారికి తుంటి ఎముకలు అరిగిపోకపోతే ఈ పని నా దాకా వచ్చేది కాదు. ఏళ్ళ తరబడి ఆయనొక్కడే మన తరఫున ఆ జైలుకు వెళ్ళేవాడు. మొన్న మండువేసవి పండక్కి రాళ్ళ వలయం దగ్గర కలిసినప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఎవరూ వెళ్ళకపోతే ఆ పిల్లలు గోడతో మాట్లాడుకుంటారు హెస్టర్, అన్నాడు. పిల్లలంటే అందులో ఒకడికి డెబ్బై దాటాయి.

లోపల మతాల గదికి పెద్ద ఇమాం ఇద్రీస్ గారు. పాస్టరమ్మ, కాథలిక్ ఫాదర్, బౌద్ధ భిక్షువు, ఇప్పుడు నేను, అందరి మీదా ఆయనే. టీ కూడా ఆయనే పెట్టి ఇచ్చారు. మీ వాళ్ళు మంచివాళ్ళు, బిస్కెట్లు మాత్రం కనబడనివ్వకండి అన్నారు.

ఐదుగురొచ్చారు. వెనక కూర్చున్న ఇద్దరూ సాంబ్రాణి వాసన కోసం వస్తారని వాళ్ళే చెప్పేశారు. ఎల్లిస్ అనే పొడుగాటి కుర్రాడు కూర్చోకముందే అడిగాడు: "మిస్, మీరు ఫుల్‌టైమ్ మంత్రగత్తేనా, పార్ట్‌టైమా?" వారమంతా కుక్కలకు క్షవరం, గురువారం మాత్రం మంత్రం అన్నాను. అయితే నాకూ కాస్త వెనక వైపు కత్తిరించండి అని మెడ వంచాడు. పిమ్ గారు, ఆ డెబ్బై దాటిన ఆయన, చెవి సరిగా వినబడక ఎవరూ నవ్వనప్పుడు నవ్వుతాడు. 

జేగో హానాఫర్డ్. యావజ్జీవం. జైలు వంటగదిలో రొట్టెలు చేస్తాడు, గోళ్ళ సందున పిండి. పూజ మొదట్లో నాలుగు దిక్కులనూ పిలిచేటప్పుడు నేను తడబడితే, పక్కనుంచి మెల్లగా అందించాడు. తప్పు దిద్దినట్టు కాదు. మెట్టు దగ్గర చెయ్యి అందించినట్టు.

మా ఆయన రాయ్‌స్టన్‌తో చెప్పాలి ఇదంతా. ఇంట్లో లేడు. వాళ్ళ చెల్లెలు బ్రైడీ ఇంటి కప్పు కారుతోందట, బాగుచేసి వస్తానని వెళ్ళాడు. నాలుగు రోజులే కదా.

సెప్టెంబర్ 15

నిద్ర లేదు. అలసటా లేదు.

సెప్టెంబర్ 28, గురువారం

పగలూ రాత్రీ సమానమయ్యే పండుగ చేశాం. ఆపిల్ ముక్కలు, వైన్ బదులు ఆపిల్ రసం, దీపాల బదులు బ్యాటరీతో మెరిసే ప్లాస్టిక్ కొవ్వొత్తులు. అంతా అయ్యాక ఎల్లిస్ అలిగినట్టు మాట్లాడాడు. మన పండుగలన్నీ తెల్లవారుజామునో నడిరాత్రో చెయ్యాల్సినవే కదా, మాకేమో మధ్యాహ్నం భోజనమయ్యాక, ట్యూబులైటు కింద. దేవత కూడా ఆఫీసు టైములోనే వస్తుందా, అని.

వేసవిలో పొద్దు ఐదింటికే లేస్తుంది, వీళ్ళ తలుపులు ఎనిమిదికి గానీ తెరవరు. కిటికీలోంచైనా కనబడదా అంటే, వీళ్ళ గదులు కింది వరస, ఎదురుగా గోడ. పొద్దంటే గోడ బూడిద రంగు నుంచి తెల్ల బూడిద రంగుకు మారడమేనట.

అప్పుడు పిమ్ గారు, ఆ మాటలు ఆయనకు వినబడ్డాయని కూడా ఎవరూ అనుకోలేదు, నెమ్మదిగా అన్నాడు:

"శీతాకాలంలో పొద్దు బద్ధకస్తురాలు. మనకంటే ఆలస్యంగా లేస్తుంది."

అందరూ ఒకేసారి మాట్లాడారు. నిజమే. డిసెంబర్‌లో, అతి పొట్టి పగలు రోజున, మా ఊళ్ళో సూర్యుడు ఎనిమిది దాటాక గానీ రాడు. అప్పటికి తలుపులు తీసేస్తారు. ఏడాది మొత్తంలో ఆ కొద్ది వారాలే జైలు గడియారం, సూర్యుడి గడియారం ఒకచోట కలుస్తాయి. మనకు అన్నిటికన్నా పెద్ద పండుగ, పొద్దు తిరిగే రోజు, అందులోనే పడుతుంది.

కారులో ఒక్కదాన్నే గట్టిగా పాడుకుంటూ వచ్చాను. మూరు మీద, ఆ చెట్టూచేమా లేని కొండబీడు మీద, గొర్రెలు తలెత్తి చూశాయి.

సెప్టెంబర్ 29

ఇమాం గారికి ఫోన్ చేశాను. ఆ రోజు మా వాళ్ళను ఆవరణలోకి రానిచ్చి పొద్దు పొడవడం చూడనిస్తారా అని అడిగాను. పొద్దు కోసం కాచుకోవడం మా వాళ్ళకీ తెలుసు, అడిగి చూస్తాను అన్నారు.

అక్టోబర్ 12, గురువారం

భద్రతాధికారి కుదరదన్నాడట. మంచు పడుతుంది, పొగమంచు పడితే మనుషులు కనబడరు, పొద్దున పూట సిబ్బంది చాలరు. ఇమాం గారు మళ్ళీ అడుగుతారట. నేను కూడా వెళ్ళి కూర్చుంటాను ఆ ఆఫీసు ముందు. కుక్కలు కరిచినా కదలనిదాన్ని, ఇతనెంత.

వాళ్ళతో చెబితే మొహాలు వాడిపోతాయనుకున్నాను. జేగో మాత్రం, అడగడం మనవంతు మిస్, రొట్టె సంగతి నేను చూసుకుంటాను అన్నాడు. ముందే రొట్టె గురించి ఆలోచించే మనిషి. గింజలు, తేనె, సూర్యుడి ఆకారంలో.

బ్రైడీ ఇంటి కప్పు ఇంకా తేలలేదు. పాతరకం పలకరాళ్ళు దొరకడం లేదట.

అక్టోబర్ 19

ఆకుపచ్చ స్వెటర్ కొన్నాను. ఆ గది చలి.

అక్టోబర్ 26, గురువారం

ఎల్లిస్ తలుపులో ఉండగానే, "మిస్ ఇవాళ పార్ట్‌టైమ్‌లా లేరే" అన్నాడు. వాడికి నోరెక్కువ. జేగో ఏమీ అనలేదు. అనాలని నేననుకోనూ లేదు.

పూర్వీకుల పండుగ వచ్చే వారం గనక, పోయినవాళ్ళ పేర్లు చెప్పుకుందామన్నాను. పిమ్ గారు తన భార్య పేరు చెప్పాడు, తర్వాత తన కుక్కల పేర్లు వరసగా, చాలా. వెనక వాళ్ళిద్దరూ కూడా ఇవాళ సాంబ్రాణి మాట మరిచి అమ్మమ్మల పేర్లు చెప్పారు. జేగో వంతు వచ్చినప్పుడు "చెప్పను" అన్నాడు. మర్యాదగానే.

నవంబర్ 2, గురువారం

ఇవాళ జరిగింది ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయాలి.

అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దడానికి జేగో ఆగాడు. తలుపు తెరిచే ఉంది, బయట బల్ల దగ్గర ట్రాస్క్ పేపరు చదువుతున్నాడు. జేగో కుర్చీ మీద కుర్చీ వేస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"డిసెంబర్‌లో అనుమతి వస్తే రొట్టె నేను చేస్తాను మిస్. కానీ నన్ను లెక్కలో వేసుకోకండి. అక్కడ నిలబడను."

ఎందుకని అడిగేలోపే చెప్పాడు.

"మా బావని చంపింది రాత్రిపూట. తాగి ఉన్నాను. తర్వాత ఏం చెయ్యాలో తెలీక పక్కనే కూర్చుండిపోయాను. తెల్లారింది. కిటికీలోంచి ఎండ వచ్చి అతని మొహం మీద పడింది. అందాకా ఏం చేశానో నాకు తెలీనే లేదు. ఎండ పడ్డాక తెలిసింది." ఇంకో కుర్చీ వేశాడు. "అప్పట్నుంచి పొద్దు పొడవడం చూళ్ళేదు. ఇక్కడ కనబడదు గదా. కనబడనందుకు ఒక రకంగా సుఖంగానే ఉన్నాను."

వాళ్ళకి చెప్పొద్దు, ఆ కుర్రాడు చాలా ఆశపెట్టుకున్నాడు, అని మాత్రం అన్నాడు. నేను సరేనన్నాను. ఆబ్రీ గారైతే ఏమనేవారో.

ఇల్లు చేరేదాకా ఆ మాటలే. ఎండ పడ్డాక తెలిసింది.

నవంబర్ 3

అతను రావాలి. వచ్చి నిలబడితే ఇరవై ఏళ్ళ బరువు దిగిపోతుంది. నేనే తీసుకురాగలను. నాతోనే గదా చెప్పాడు, ఇంకెవరితోనూ కాదు. నాతోనే.

నవంబర్ 9, గురువారం

ఇమాం గారు ఇంకో అర్జీ పెట్టారు. ఈసారి పాస్టరమ్మ కూడా సంతకం చేసింది. ఫాదర్ కూడా. భిక్షువు గారు చిన్న చిరునవ్వు నవ్వి చేశారట. ఇంతమంది దేవుళ్ళు ఒక కాగితం మీద చేరడం ఈ జైల్లో ఇదే మొదటిసారని ఇమాం గారన్నారు. నాకు దుకాణంలో కూడా కాలు నిలవడం లేదు. ఇవాళ ఒక పూడిల్‌కు తోక కుచ్చు సూర్యుడిలా కత్తిరించాను. దాని యజమానురాలు ఏమీ అనలేదు, బతికిపోయాను.

బ్రైడీ ఇంటి కప్పు పని. వానల్లో ఎలా చేస్తారు, అదీ నిజమే.

నవంబర్ 21, మంగళవారం

బ్రైడీ తన స్పానియల్‌ను కత్తిరింపుకు తీసుకొచ్చింది. అన్నయ్య ఎలా ఉన్నాడు వదినా, వేసవి తర్వాత మా ఇంటి వైపే రాలేదు, అని అడిగింది.

నవంబర్ 22

స్పానియల్ చెవులు బాగా కుదిరాయి.

నవంబర్ 23, గురువారం

జైలుకు ముందుగానే వెళ్ళాను. ఇమాం గారి గదిలో టీ. జేగో గురించి మాట్లాడాను. అతను చెప్పింది చెప్పలేదు, అది నా దగ్గరే ఉంది. కానీ అతనెంత మారాడో, వంటగదిలో ఎంత ఓపిగ్గా ఉంటాడో, పొద్దు పండక్కి అతను నిలబడితే ఎంత బాగుంటుందో చెప్పాను. చెబుతూనే పోయాను. ఇమాం గారు టీ కప్పు కింద పెట్టారు.

"హెస్టర్ గారూ, మీ వలయంలో ఎంతమంది కూర్చుంటారు?"

"ఐదుగురు."

"నాతో ఎంతమంది గురించి మాట్లాడతారు?"

ఆ మాట ఎంత మెత్తగా అన్నారంటే, కోపం రావడానికి చాలాసేపు పట్టింది. కోపంతోనే వలయంలో కూర్చున్నాను. పిమ్ గారి చొక్కాకు మెడ గుండీ లేదని ఇవాళ చూశాను. ఎన్ని వారాలుగా లేదో. వెనక ఇద్దరిలో ఒకడి పేరు కీత్ అట, రెండోవాడు వాడి మేనల్లుడట. రెండు నెలల్లో ఒక్కసారీ అడగలేదు నేను.

కారులో ఏడ్చాను. జైలు గురించి కాదు. రాయ్‌స్టన్ గురించి. బ్రైడీ ఇంటికి ఏ చిల్లూ లేదు. మొన్న మంగళవారం నుంచి తెలుసు. నిజం చెప్పుకోవాలంటే, పలకరాళ్ళు దొరకడం లేదని అతను చెప్పిన రోజే తెలుసు. బ్రైడీ ఇంటి కప్పు పలకరాళ్ళది కాదు, రేకులది.

నవంబర్ 24

ఆకుపచ్చ స్వెటర్‌కు కుక్క వెంట్రుకలు అంటుకున్నాయి. ఇక దుకాణంలోకే పనికొస్తుంది.

నవంబర్ 30, గురువారం

జేగో దగ్గరికి వెళ్ళి చెప్పాను. రమ్మని ఇక అడగను అని. అడిగారా అన్నాడు. నోటితో అడగలేదు, లోపల రోజూ అడుగుతూనే ఉన్నాను అన్నాను. నవ్వాడు. అతను నవ్వగా చూడటం మొదటిసారి. ముందు పళ్ళలో ఒకటి లేదు. తేనె మాత్రం కాస్త ఎక్కువ తెప్పించండి మిస్, అన్నాడు.

ఇంత తేలిగ్గా ఉంటుందని ముందే తెలిస్తే బాగుండేది.

డిసెంబర్ 4

రాయ్‌స్టన్ ఫోన్ చేశాడు. ఎక్సెటర్ పట్నంలో ఉంటున్నాడట. ఒక్కడే కాదట. బ్రైడీ చెప్పేసిందా అని అడిగాడు. బ్రైడీకే నేను చెప్పాలి ఇప్పుడు అన్నాను. ఏడుస్తాననుకున్నాడేమో, ఏమయినా అవసరమైతే చెప్పు అన్నాడు. అవసరమే. డిసెంబర్ ఇరవై రెండున ఆకాశంలో మబ్బు ఉండకూడదు. చూడగలవా అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

డిసెంబర్ 7, గురువారం

వచ్చింది. వచ్చింది. వచ్చింది.

అనుమతి వచ్చింది. శుక్రవారం ఇరవై రెండు, తలుపులు తీసీ తీయగానే, ఖైదీలు నడిచే ఆవరణలో, పావుగంట. నిప్పు వెలిగించకూడదు. ఒకరి చెయ్యి ఒకరు వదలకూడదని వాళ్ళు రాయలేదు గానీ అది నేను రాసుకున్నాను. వెంట ఒక వార్డరు ఉండాలి, అంత పొద్దున ఎవరూ ఒప్పుకోలేదట. చివరికి ట్రాస్క్ తానొస్తానన్నాడు. అతనే నాకు చెప్పాడు, ఏదో తప్పు చేసినవాడిలా. మా ఆవిడ కూడా రాళ్ళ దగ్గరికి వెళ్తుందమ్మా, నాకు మాత్రం ఇలాంటివి నచ్చవు, మోకాళ్ళకు చలి పడదు, అన్నాడు.

ఎల్లిస్‌కు చెప్పగానే కుర్చీ మీద ఎక్కబోయి తల ట్యూబులైటుకు కొట్టుకున్నాడు. పిమ్ గారు అందరూ నవ్వినప్పుడే నవ్వాడు. కీత్ మేనల్లుడి భుజం మీద కొట్టాడు. జేగో అప్పుడే పిండి లెక్క మొదలుపెట్టాడు. ఎవరి సంగతి రాయడం మరిచాను? ఎవరిదీ మరవలేదు.

డిసెంబర్ 14, గురువారం

దిక్కులు పంచుకున్నాం. తూర్పు ఎల్లిస్‌కు, వాడు గోల చేసి తీసుకున్నాడు. దక్షిణం పిమ్ గారికి. పడమర కీత్, మేనల్లుడు కలిసి. ఉత్తరం ఎప్పుడూ జేగోదే. ఉత్తరం నేలకు, రొట్టెకు చెందిన దిక్కు. ఇవాళ జేగో వంటగది పనిలో ఉండి రాలేదు. మరి ఉత్తరం ఎవరికి అంటే అందరూ నా వైపు చూశారు. మీరు తీసుకోండి మిస్ అన్నాడు కీత్. నేను ఒప్పుకునేలోపే ఎల్లిస్ అన్నాడు:

"ఖాళీగా వదిలేద్దాం. ఆ దిక్కుకి ఆయన రొట్టె వస్తుంది గదా, చాలు."

వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. వాడికి తెలుసు. నోరెక్కువ వాళ్ళకు చూపు ఉండదని ఎవరన్నారు?

డిసెంబర్ 20

వాన. వాన. వాన.

డిసెంబర్ 21

వాన ఆగింది. పొగమంచు. దుకాణంలో తడి కుక్కల వాసన, కిటికీ అవతల వీధి కూడా కనబడదు. ఒకవేళ రేపు ఇలాగే ఉంటే? పొద్దు మబ్బు వెనక లేచినా లేచినట్టే అని ఆబ్రీ గారు ఫోన్‌లో చెప్పారు. నిజమే. కానీ అది ఎప్పుడూ చూసేవాళ్ళు చెప్పుకునే మాట. చూడనివాళ్ళకు చూడాలనే ఉంటుంది.

బట్టలు మంచం మీద పెట్టుకున్నాను. పడుకుంటాను. పడుకోను.

డిసెంబర్ 22, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మొదట్నుంచే రాస్తాను.

చీకట్లో బయల్దేరాను. మూరు దాటేటప్పుడు ఆకాశం నిండా చుక్కలు, మంచు గట్టిపడి చక్రాల కింద పటపటలాడింది. పొగమంచు లోయలోకి దిగిపోయింది. జైలు గేటు దగ్గర ఇమాం గారు కోటు మీద కోటు వేసుకుని నిలబడి ఉన్నారు. మీరెందుకొచ్చారు ఇంత పొద్దున్నే అంటే, నేను రోజూ ఇంతకంటే ముందే లేస్తానమ్మా అన్నారు. ఆయన లోపలికి రాలేదు. ఇది మీది, అని ఆవరణ తలుపు దగ్గరే ఆగిపోయారు.

నలుగురూ ఊపిరి పొగలు కక్కుతూ వచ్చారు. పిమ్ గారికి ఎవరో పాత కంబళి కప్పారు. ఎల్లిస్ జుట్టుకు నీళ్ళు రాసి దువ్వుకున్నాడు. ట్రాస్క్ చేతులు చంకల్లో పెట్టుకుని మూల నిలబడ్డాడు. ఆగ్నేయం వైపు గోడ, దాని మీద ముళ్ళకంచె, దాని పైన ఆకాశం నారింజ తొక్కలా. మా వెనక వాయవ్యంలో జైలు పెద్ద భవనం, వరస వరసల కిటికీలు, అన్నీ నల్లగా.

వలయం కట్టాం. ఉత్తరం ఖాళీ.

తూర్పును ఎల్లిస్ పిలిచాడు. ఎన్నిసార్లు సాధన చేశాడో, సగంలో మాట తప్పి, మళ్ళీ మొదటి నుంచీ అందుకుని పూర్తి చేశాడు. దక్షిణాన్ని పిమ్ గారు ఎవరికీ వినబడనంత మెల్లగా పిలిచాడు. పడమర వాళ్ళిద్దరూ ఒకరి మాట మీద ఒకరు. ఉత్తరం దగ్గర ఆగాం.

వంటగది తలుపు తెరుచుకుంది. జేగో రొట్టె పళ్ళెంతో వచ్చాడు. సూర్యుడి ఆకారం, చుట్టూ కిరణాల్లా జడలు, ఇంకా ఆవిరి. వెంట వంటగది వార్డరు. పళ్ళెం మధ్యలో పెట్టి వెళ్ళిపోతాడనుకున్నాను. పళ్ళెం పెట్టాడు. ఖాళీ చోటును చూశాడు. తలవంచుకుని వచ్చి అందులో నిలబడి, దిక్కును పిలిచేటప్పుడు తిరగాల్సినట్టే, బయటికి తిరిగాడు. గోడకూ ఆకాశానికీ వీపు, భవనం వైపు మొహం. ఉత్తరాన్ని పిలిచాడు. పిలవడం అయ్యాక అందరూ లోపలికి తిరగాలి. అతను తిరగలేదు. ఎవరూ తిరగమనలేదు. నేనూ అనలేదు. ఆ తర్వాత అతని ఎడమ చెయ్యి కీత్, కుడి చెయ్యి ఎల్లిస్ పట్టుకున్నారు.

మేమంతా గోడ వైపు చూస్తూ నిలబడ్డాం. ఆకాశం వెలుగుతోంది, సూర్యుడు రాడు. ఎంతకీ రాడు. గోడ ఎత్తు లెక్కలోకి తీసుకోలేదు మేము. నేనే తీసుకోలేదు. బయట కొండ మీద పొద్దు పొడిచే వేళకు ఆవరణలోకి రాదు గదా. ట్రాస్క్ గడియారం చూసుకోవడం ఒకసారి చూశాను, రెండోసారి చూడనట్టు ఉన్నాను. కాళ్ళు చల్లబడిపోయాయి. తప్పు చేశానని, వీళ్ళను ఇంత చలిలోకి తెచ్చి గోడ చూపించానని అనిపించింది.

అప్పుడు వెనక నుంచి జేగో అన్నాడు:

"చిమ్నీకి తగిలింది."

అందరం తలలు తిప్పాం. భవనం కొసన ఇటుక చిమ్నీ, దాని నెత్తిన నాణెమంత ఎరుపు. మేం చూస్తుండగానే కిందికి జారింది. కప్పు అంచు వెలిగింది. తర్వాత పై అంతస్తు కిటికీలు, ఒకటి కాదు, వరస మొత్తం, లోపల ఎవరో దీపాలన్నీ ఒక్కసారి వేసినట్టు. అతను చూస్తూనే ఉన్నాడు. మాకు చెబుతున్నాడు, మేం చూస్తున్నామని తెలిసీ చెబుతున్నాడు.

"పై వరస మొత్తం. ఇప్పుడు రెండో వరస కిటికీల పై అంచు దాకా."

పైనుంచి చప్పుడు మొదలైంది. ఆ అంతస్తులో ఉన్న వాళ్ళెవరూ మా వాళ్ళు కాదు, మా పేరు కూడా తెలీదు వాళ్ళకు. కిటికీ చువ్వల మీద గిన్నెలతో కొట్టారు. ఒకడు అరిచాడు, ఒరేయ్ కింద వాళ్ళూ, మీకింకా రాలేదేమిట్రా, మాకు మొహం మీదే ఉంది, గుడ్డు సొనలా. ఇంకొకడు, ఎవర్రా పొద్దున్నే ఈ గోల అని తిట్టి, తర్వాత వాడూ చప్పుడు చేశాడు. భవనం అంతా మోగింది. ట్రాస్క్ వాళ్ళను ఊరుకోమనలేదు.

వెలుగు కింది వరసకు దిగింది. తలుపు పై అంచు దాకా వచ్చింది. అప్పుడు ట్రాస్క్ దగ్గరికొచ్చి, చాలా నెమ్మదిగా, టైమైందమ్మా అన్నాడు. అతను అప్పటికే ఎక్కువ ఇచ్చాడని మాకు తెలుసు.

సూర్యుడు రాలేదు. గోడ మీదుగా రాలేదు. కానీ మా తలల మీదుగా వెళ్తున్నాడు, ఆ తలుపు మీద పడుతున్న వెలుగు మా నెత్తిన గాలిలోంచే వెళ్తోంది, మూరెడు పైన. అది ముందుగా ఎల్లిస్‌కు తట్టింది. అందరికంటే పొడుగు. చెయ్యి వదిలించుకుని, పైకెత్తాడు. వేళ్ళు వెలిగాయి. గోళ్ళు, వేళ్ళ సందులు, అన్నీ ఎర్రగా, లోపల నుంచి.

"దొరికింది" అన్నాడు.

అందరం ఎత్తాం. పిమ్ గారి చెయ్యి అందలేదు. కీత్, మేనల్లుడు చెరోవైపు నడుం పట్టి ఆయన్ను ఎత్తారు. ఆయన రెండు చేతులూ చాచి, ఎండలో కడుక్కుంటున్నట్టు రుద్దుకున్నాడు. నేను మునివేళ్ళ మీద లేచాను. వెచ్చదనం తగిలిందని రాస్తే ఎవరూ నమ్మరు, డిసెంబర్ ఎండ. తగిలింది.

జేగో భవనం వైపే ఉన్నాడు. అతని చేతులు రెండూ ఇప్పుడు ఖాళీ. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత కుడి చెయ్యి ఎత్తాడు, నెమ్మదిగా, ఎవరో పిలిస్తే హాజరు చెప్పేవాడిలా. వీపు పొద్దుకే ఉంది. కానీ చెయ్యి తన కళ్ళ ముందే వెలిగింది. పిండి అంటిన గోళ్ళు. తలెత్తి దాన్ని చూశాడు. చేతిని తిప్పి రెండోవైపు చూశాడు. దించలేదు.

ట్రాస్క్ ఇంకోసారి టైమైందనలేదు. కాసేపయ్యాక జేగోనే దించి, రొట్టె చల్లారిపోతోంది, అన్నాడు.

రొట్టె విరిచి తింటూ లోపలికి వెళ్ళారు. ట్రాస్క్ కూడా ఒక ముక్క తిన్నాడు. ఇమాం గారికి ఒకటి తీసుకెళ్ళాను. తేనె ఎక్కువైంది. ఆయన నా మొహం చూసి తన ముక్కలో సగం మళ్ళీ నాకే పెట్టారు.

డిసెంబర్ 23, శనివారం

భుజం నొప్పి. అంతసేపు చెయ్యెత్తి ఎప్పుడూ నిలబడలేదు.

రాయ్‌స్టన్ మిగిలిన బట్టల కోసం వచ్చాడు. నూనె రాసుకుంటున్నాను. ఏమైంది, పడ్డావా అని అడిగాడు. లేదన్నాను. మరి ఎందుకు నవ్వుతున్నావన్నాడు. చెప్పలేదు. అతని పెట్టె మూత పడకపోతే దాని మీద కూర్చుని తాళం వేసిపెట్టాను.